దోమ కాటు, తెల్లవారుజాము దగ్గు

యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం, పిట్టలవానిపాలెం

1940లో ఇండియన్ మెడికల్ గెజెట్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. రాసినవారిలో ఒకరు మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం నడుపుతున్న డెన్మార్క్ వైద్యుడు ఫ్రిమోట్‌మోలర్, మరొకరు బార్టన్. క్షయ అని ముద్ర పడి వచ్చిన రోగుల్లో కొందరి సంగతి వాళ్లకు అంతుపట్టలేదు. దగ్గు ఉంది, కాస్త జ్వరం ఉంది, మనిషి చిక్కిపోతున్నాడు. ఎక్స్‌రే తీస్తే రెండు ఊపిరితిత్తుల నిండా సన్నని చుక్కలు. అన్నీ క్షయ లక్షణాలే. గళ్ల పరీక్షలో మాత్రం ఎన్నిసార్లు వెతికినా క్షయ క్రిమి కనబడదు. పైగా రక్తంలో ఈసినోఫిల్ అనే ఒక జాతి తెల్లకణాలు ఉండవలసిన దానికి ఎన్నో రెట్లు పెరిగి ఉన్నాయి. ఇది క్షయ కాదు, క్షయ వేషం వేసుకున్న వేరే జబ్బు అని వాళ్లు తేల్చారు.

ఆ మాట విలువ తెలియాలంటే ఆ కాలం గుర్తుచేసుకోవాలి. స్ట్రెప్టోమైసిన్ ఇంకా పుట్టలేదు. ఐసోనయాజిడ్ 1952 దాకా చేతికి రాలేదు. క్షయ అంటే నెలల తరబడి మంచం, ఛాతీలోకి గాలి ఎక్కించి ఊపిరితిత్తిని ముడుచుకునేలా చేసే చికిత్స, ఇంట్లో వేరే కంచం, వేరే చెంబు. ఆ ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉంటే వచ్చిన సంబంధం వెనక్కి పోవడం. జబ్బు లేని మనిషికి ఆ పేరు పెడితే ఇంత శిక్ష పడేది. ఒక రక్తపు చుక్కను ఓపికగా సూక్ష్మదర్శిని కింద చూసినందువల్ల ఆరోగ్యవరంలో కొందరికి ఆ శిక్ష తప్పింది.

1943లో వీన్‌గార్టెన్ అనే వైద్యుడు ఇలాంటి 81 మంది రోగుల వివరాలు లాన్సెట్ పత్రికలో రాసి, ఈ జబ్బుకు ట్రాపికల్ ఈసినోఫీలియా అని పేరు పెట్టాడు. అప్పట్లో సిఫిలిస్‌కు వాడే ఆర్సెనిక్ ఇంజెక్షన్లతో వీళ్లకు నయమవుతోందని కూడా చెప్పాడు. పేరు వచ్చింది, మోటుదైనా మందు వచ్చింది. కారణం మాత్రం తెలియలేదు. దానికి మరో పదిహేనేళ్లు పట్టింది. ఆ పదిహేనేళ్ల నడుమనే భీమవరంలో పుట్టిన ఒక తెలుగువాడు, ఈ జబ్బు తలపులోనే లేకుండా, దీనికి సరైన మందును తయారుచేయించి వెళ్లిపోయాడు.

ఆ తెలుగువాడే యల్లాప్రగడ సుబ్బారావు. అందుకే ఆయన పేరు మీద జరిగే ప్రసంగానికి ఈ విషయాన్ని ఎంచుకోవడం సబబు. కృష్ణా పడమటి డెల్టాలో, తెనాలికీ బాపట్లకీ రేపల్లెకీ నడుమనున్న ఊళ్లలో, వదలని ఆయాసమూ ఛాతీ పట్టేసినట్టుండడమూ ఇంటింటా వినబడే మాట. ఆ మాట వినగానే ఉబ్బసం అనేస్తారు. కాదంటే గ్యాస్ అంటారు. రెండింటికీ మందుల దుకాణంలో ఏదో ఒకటి దొరుకుతుంది. కారణం అడిగేవారే తక్కువ. ఈ ప్రసంగం పట్టుబట్టేది ఆ కారణం కోసమే.

జబ్బు మనిషిని పట్టే తీరు ఇలా ఉంటుంది. ఎక్కువగా మగవాళ్లు, పదిహేను నుంచి నలభై ఏళ్ల లోపువాళ్లు. పగలంతా పొలంలోనో దుకాణంలోనో బాగానే పని చేసుకుంటారు. అర్ధరాత్రి దాటాక, రెండు మూడు గంటల వేళ దగ్గు మొదలవుతుంది. పొడిదగ్గు, తెరలు తెరలుగా వస్తుంది. పడుకుంటే ఊపిరి అందదు. లేచి మంచం పట్టె మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ముందుకు వంగి గాలి కోసం తంటాలు పడతారు. ఛాతీలో పిల్లికూతలు పక్క మంచం మీదున్న వాళ్లకు వినబడతాయి. రొమ్ము మధ్యన బిగబట్టినట్టు, దగ్గి దగ్గి డొక్కలు నొప్పి. తెల్లారేసరికి కాస్త నెమ్మదిస్తుంది. నెలలు గడిచేకొద్దీ తిండి తగ్గుతుంది, చొక్కా వదులవుతుంది.

ఇదంతా చూస్తే ఉబ్బసమనే అనిపిస్తుంది. అలా అనుకున్న వైద్యుణ్ని తప్పుపట్టలేం. కాని ఉబ్బసానికీ దీనికీ తేడా చెప్పే సాక్ష్యం ఒకటుంది. చిన్న ఊళ్లోనూ దొరుకుతుంది, ఖర్చూ తక్కువే. అది రక్తకణాల లెక్క.

ల్యాబు టెక్నీషియన్ వేలికొసన సూదితో గుచ్చి, ఒక చుక్క రక్తం గాజు పలక మీద పెట్టి, మరో పలక అంచుతో పలచగా పూస్తాడు. ఆరాక లీష్మన్ రంగు పోస్తాడు. కొన్ని నిమిషాలయ్యాక నీళ్లతో కడిగి, నూనె చుక్క వేసి, లెన్సు దించుతాడు. గులాబీ రంగు ఎర్రకణాల నడుమ అక్కడక్కడ ఊదారంగు కేంద్రకాలతో తెల్లకణాలు కనబడతాయి. ఈసినోఫిల్‌ను పోల్చుకోవడం తేలిక. కేంద్రకం రెండు తమ్మెలుగా విడివడి ఉంటుంది, చుట్టూ కణం నిండా ముదురు నారింజ రంగు రేణువులు. మామూలు మనిషి పలకలో వంద తెల్లకణాలు లెక్కపెడితే ఇవి ఒకటి నుంచి ఐదారు దాకా ఉంటాయి. ఈ జబ్బున్నవాడి పలకలో ఎటు జరిపినా అవే. ఆరోగ్యవంతుడి రక్తంలో ఒక మైక్రోలీటరుకు 500 లోపు ఉండే ఈసినోఫిల్స్, ఈ జబ్బులో 3000 దాటుతాయి. ఉబ్బసంలోనూ కొంత పెరుగుతాయి గాని సాధారణంగా ఇంత ఎత్తుకు పోవు.

ఇంతకూ ఇవి ఎందుకు పెరుగుతాయి? జవాబు డెల్టా వాసులకు బాగా తెలిసిన మరో జబ్బులో ఉంది. బోదకాలు.

బోదకాలు (ఫైలేరియా) తెచ్చే పురుగు వూచెరీరియా బాంక్రాఫ్టీ. దోమ కుట్టినప్పుడు పిల్లపురుగు చర్మం మీదికి దిగి లోపలికి పోతుంది. శోషరస నాళాల్లో చేరి, నెలల తరబడి పెరిగి, జతకట్టి, మైక్రోఫైలేరియాలనే సన్నని పిల్లల్ని లక్షల్లో కంటుంది. అవి రాత్రిపూట చర్మం దగ్గరి రక్తనాళాల్లోకి వస్తాయి, దోమలు కుట్టే వేళ కూడా అదే గనుక. పగలు ఎక్కడికి పోతాయి? ఊపిరితిత్తుల్లోని కేశనాళికల్లో తలదాచుకుంటాయి. బోదకాలు సర్వే వాళ్లు రాత్రి ఎనిమిది దాటాక లాంతర్లతో, తర్వాతి రోజుల్లో టార్చిలైట్లతో, వీధి వీధీ తిరిగి నిద్ర లేపి మరీ వేలి రక్తం తీసుకునేది అందుకే. దోమకూ ఈ పురుగుకూ సంబంధముందని ప్యాట్రిక్ మాన్సన్ 1877లో చైనాలోని అమోయ్ రేవులో కనిపెట్టాడు.

పురుగు పట్టిన వాళ్లలో చాలామందికి శరీరం ఈ పిల్లల్ని ఓర్చుకుంటుంది. ఏళ్ల తరబడి ఏ బాధా ఉండదు. నూటికి ఒకరికన్నా తక్కువ మందిలో మాత్రం శరీరం ఓర్వదు. ఊపిరితిత్తుల్లోకి వచ్చిన ప్రతి పిల్లపురుగు మీదా విరుచుకుపడి చంపేస్తుంది. ఆ పోరులో ముందు వరస ఈసినోఫిల్స్‌ది. పురుగును చంపడానికి అవి విడిచే పదార్థాలు చుట్టూ ఉన్న సున్నితమైన ఊపిరితిత్తి పొరనూ కాలుస్తాయి. వాపు వస్తుంది, గాలి గొట్టాలు బిగుసుకుంటాయి. దగ్గూ పిల్లికూతలూ అందువల్లే. ఇక్కడే ఒక చిక్కు. పురుగులన్నీ ఊపిరితిత్తుల్లోనే చచ్చిపోతాయి గనుక రాత్రి రక్తపరీక్షలో ఒక్కటీ కనబడదు. రోగికి కాలు వాపూ ఉండదు, వరిబీజమూ ఉండదు. బోదకాలు పురుగు తాలూకు జబ్బు ఇదని ఎవరికి తోస్తుంది?

తోచడానికి 1958 దాకా ఆగాల్సివచ్చింది. ఆ ఏడాది బక్లీ అనే శాస్త్రజ్ఞుడు ఫైలేరియా పిల్లపురుగులను మనిషికి ఎక్కించి, అవే లక్షణాలు పుట్టడం చూపించాడు. 1960లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో వెబ్, జాబ్, గాల్ట్ అనే ముగ్గురు వైద్యులు రోగుల ఊపిరితిత్తి, కాలేయం, శోషరస గ్రంథుల ముక్కలను పరీక్షించి, చనిపోతున్న మైక్రోఫైలేరియాలను, వాటి చుట్టూ మూగిన ఈసినోఫిల్స్‌నూ కళ్లారా చూశారు. మదనపల్లెలో మొదలైన ప్రశ్నకు అక్కడికి పెద్దగా దూరం కాని వెల్లూరులో జవాబు దొరికింది.

మందు మాత్రం అంతకు పదేళ్ల ముందే సిద్ధమై ఉంది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోతే, తల్లి వెంకమ్మ నగలు అమ్మి చదివించింది. మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను తొడుక్కుని శస్త్రచికిత్స తరగతికి వెళ్లినందుకు ప్రొఫెసరుకు కోపమొచ్చి, చివరికి ఎంబీబీఎస్ బదులు అంతకు తక్కువైన ఎల్ఎంఎస్ పట్టా చేతిలో పెట్టారు. అన్ననూ తమ్ముణ్నీ స్ప్రూ అనే పేగుల జబ్బు రోజుల తేడాలో తీసుకుపోయింది. 1922లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి శరీరంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. జీవరసాయన శాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి తెలుసు. 1940లో లెడర్లీ సంస్థకు మారి, న్యూయార్క్ దగ్గరి పెర్ల్ రివర్‌లో పరిశోధనలకు పెద్ద అయ్యారు. ఫోలిక్ ఆమ్లం కృత్రిమ తయారీ, పిల్లల లుకేమియాకు మొదటి ఆసరా అయిన అమినోప్టెరిన్, ఆరియోమైసిన్, ఇవన్నీ ఆయన నడిపిన ప్రయోగశాలల నుంచే వచ్చాయి.

వీటి పక్కన హెట్రజాన్ అనే మందు గురించి చెప్పేవాళ్లు తక్కువ. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవుల్లో పోరాడిన అమెరికా సైనికులు వేల సంఖ్యలో ఫైలేరియా పాలయ్యారు. దానికి మందు కావాలి. కాటన్ ర్యాట్ అనే అడవి ఎలుకల్లో మనిషి ఫైలేరియాకు చుట్టమైన పురుగు ఒకటి బతుకుతుంది. లెడర్లీ బృందం ఆ ఎలుకల మీద వందలాది రసాయనాలు పరీక్షించి, పిపరజైన్ జాతి పదార్థాల్లో ఒకదాన్ని ఏరింది. పేరు డైఇథైల్‌కార్బమజైన్. 1947లో లోకానికి తెలిసింది. అదే హెట్రజాన్. మన ఊళ్లలో డీఈసీ మాత్ర అన్నా, పాత చీటీల మీద బానోసైడ్ అని ఉన్నా అదే.

1948 ఆగస్టులో సుబ్బారావు న్యూయార్క్‌లో నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. 1950ల చివర్లో మద్రాసులోనూ సింగపూర్‌లోనూ వైద్యులు ఈ మందును ట్రాపికల్ ఈసినోఫీలియా రోగులకు ఇచ్చి చూస్తే, ఆర్సెనిక్ ఇంజెక్షన్ల అవసరమే లేకుండా తగ్గింది. బోదకాలు కోసం తెచ్చిన మందు తన నేల మీది ఊపిరితిత్తుల జబ్బును కూడా కుదురుస్తుందని ఆయనకు తెలియకుండానే పోయింది. ఈ ఒక్క సంగతి తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

చికిత్స ఇప్పటికీ అదే. కిలో బరువుకు రోజుకు 6 మిల్లీగ్రాములు, మూడు మోతాదులుగా పంచి, సుమారు మూడు వారాలు. అరవై కిలోల మనిషికి రోజుకు 360 మిల్లీగ్రాములన్న మాట. చాలామందికి మొదటి వారంలోనే రాత్రి నిద్ర పడుతుంది. ఏళ్ల తరబడి ఉబ్బసం మందులు వాడి విసిగిన వాళ్లకు ఇది మామూలు విషయం కాదు. అయితే డీఈసీ సొంతంగా కొనుక్కుని మింగే మందు కాదు. ఈసినోఫిల్స్ పెరగడానికి కడుపులో పాములు, మందుల అలర్జీ, ఊపిరితిత్తుల్లో ఆస్పర్జిల్లస్ బూజు కూడా కారణాలు కావచ్చు. ఏలికపాముల పిల్లలు పేగు నుంచి రక్తంలోకి, అక్కణ్నుంచి ఊపిరితిత్తుల గుండా ప్రయాణించే రోజుల్లో కూడా దగ్గూ ఈసినోఫిల్సూ పెరుగుతాయి. అందుకే ఫైలేరియా యాంటీబాడీ పరీక్ష, మల పరీక్ష, ఎక్స్‌రే కూడా చూసుకుని వైద్యుడే నిర్ణయించాలి.

ఇంత తెలిసి, ఇంత చవక మందు ఉండి కూడా జబ్బు ఎందుకు దాటిపోతోంది? ముఖ్యమైన కారణం డెక్సా. ఆయాసంతో వచ్చిన మనిషికి డెక్సామెథాసోన్ ఇంజెక్షన్ ఒకటి పొడిస్తే ఆ రాత్రి హాయిగా ఉంటుంది. స్టెరాయిడ్ ఏదైనా ఈసినోఫిల్స్‌ను తాత్కాలికంగా అణుస్తుంది, వాపును చల్లారుస్తుంది. పురుగు మాత్రం అలాగే ఉంటుంది. వారం పది రోజులకు దగ్గు మళ్లీ వస్తుంది, మనిషి మళ్లీ ఇంజెక్షన్‌కు వస్తాడు. మధ్యలో ఎవరైనా రక్తపరీక్ష రాసినా, స్టెరాయిడ్ మీదున్న రోజుల్లో లెక్క తక్కువ చూపిస్తుంది. ఉన్న ఒక్క సాక్ష్యమూ అలా చెరిగిపోతుంది. కడుపులో స్ట్రాంజిలాయిడిస్ అనే పురుగు ఉన్నవాళ్లకైతే స్టెరాయిడ్ ప్రాణం మీదికే తెస్తుంది. పరీక్ష చేయించాకే ఇంజెక్షన్ అని ఊళ్లో వైద్యం చేసే ప్రతి ఒక్కరూ నియమం పెట్టుకుంటే ఎందరో బయటపడతారు.

అమెరికా, కెనడా, బ్రిటన్ వైద్య పత్రికల్లోనూ ఇదే కథ పదే పదే వస్తుంది. భారతదేశం నుంచి వెళ్లిన మనిషి, అక్కడ నెలల తరబడి ఉబ్బసం చికిత్స, చివరికి ఎవరో ఒక వైద్యుడు మీరు ఎక్కడ పుట్టి పెరిగారు అని అడగడం, మూడు వారాల మాత్రలతో నయం. డల్లాస్‌లోనో టొరంటోలోనో ఉన్న పిల్లలకు రాత్రి దగ్గు వదలకపోతే, తాము పెరిగింది ఫైలేరియా ఉన్న ప్రాంతంలో అని డాక్టరుకు ముందే చెప్పడం మంచిది. అక్కడి వైద్యుడికి అది తట్టకపోవచ్చు.

ఇక దోమ. ఈ పురుగును మోసేది క్యూలెక్స్ క్వింక్విఫాసియేటస్. డెల్టా అంటే కాల్వలు, వరిచేలు, కనుక దోమలు అని అనుకుంటాం. నిజానికి ఈ దోమకు పారే కొమ్మమూరు కాల్వ నీళ్లతోనూ వరిమడి తేటనీళ్లతోనూ పెద్దగా పని లేదు. ఇళ్ల వెనక నిలిచే మురుగు, మూతలేని సెప్టిక్ ట్యాంకు, ప్లాస్టిక్ కవర్లు అడ్డుపడి ఆగిపోయిన సైడు కాల్వ దాని పుట్టిళ్లు. ఒకనాడు వెలనాటి చోళుల రాజధానిగా వెలిగిన చందోలు మొదలు ఈ మండలంలో ఏ ఊళ్లోనైనా వీధి చివర ఆగిన మురుగు దగ్గర సాయంకాలం నిలబడితే చాలు, తెలిసిపోతుంది. మురుగు పారించడం పంచాయతీ పని గనుక, ఈ ఊపిరితిత్తుల జబ్బు కొంత పంచాయతీ చేతిలోనూ ఉంది.

దేశంలో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. 2004 నుంచి ఏడాదికోసారి ఇంటింటికీ డీఈసీ మాత్రలు పంచే పద్ధతి వచ్చింది, తర్వాత వాటికి ఆల్బెండజోల్ తోడైంది. రెండేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, బాగా జబ్బుపడ్డవాళ్లు తప్ప అందరూ మింగాలి. మాత్రలు తీసుకుని గూట్లో పెట్టి మరిచిపోయిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అందుకే ఆశా కార్యకర్తలు ఎదురుగా నిలబడి మింగిస్తున్నారు. బోదకాలును 2015కల్లా లేకుండా చేయాలని పెట్టుకున్న గడువు దాటిపోయింది, ఇప్పటి గడువు 2027. వందకు పైగా జిల్లాల్లో పంపిణీ ఆపగలిగేంతగా పురుగు తగ్గింది. గొప్ప విజయమే. దాంతో పాటే ఒక ప్రమాదం కూడా వస్తోంది. కాళ్లు వాచినవాళ్లు కనబడడం తగ్గేకొద్దీ, కొత్తగా చదువుకుని వచ్చే వైద్యులకు ఫైలేరియా పాఠ్యపుస్తకంలోని మాటగా మిగులుతుంది. దగ్గుతో వచ్చిన వాడిలో దాన్ని వెతకాలని తోచదు. ఇంకో సంగతి. పంపిణీలో మింగేది ఒక్కరోజు మోతాదు. ఊపిరితిత్తుల జబ్బు పట్టినవాడికి మూడు వారాల మందు కావాలి. ఏటా మాత్ర మింగాను గనుక నాకది రాదు అనుకోవడానికి లేదు.

వదలని ఆయాసాలన్నీ దోమవి కావు, ఆ మాట కూడా చెప్పితీరాలి. లెక్కకు చూస్తే ఎక్కువ మందిని పట్టేది పొగ. దేశంలో ప్రాణాలు తీసే జబ్బుల వరసలో గుండెపోటు తర్వాతి స్థానం సీఓపీడీది, అంటే గాలి గొట్టాలు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బుది. చుట్టా బీడీ కాల్చే మగవాళ్లకే వస్తుందనుకునే రోజుల్లో, 1980ల తొలి ఏళ్లలో కర్క్ స్మిత్ బృందం గుజరాత్ పల్లెల్లో వంటింటి గాలిని కొలిచి, ఆడవాళ్లు పీల్చే పొగ ఎంతో చూపించింది. సరుగుడు పుల్లలు, తాటిమట్టలు, పిడకలు, ఊకపొయ్యి మీద ముప్పై నలభై ఏళ్లు వండిన అమ్మమ్మలకు ఇప్పుడు నాలుగు అడుగులేస్తే రొప్పు. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం వచ్చి గ్యాసు పొయ్యి ఇళ్లలోకి చేరింది. 2016లో ఉజ్జ్వల వచ్చింది. అంతకు ముందు పీల్చిన పొగ లెక్క మాత్రం ఒంట్లో ఉండిపోయింది. ఊదించి చూసే స్పైరోమెట్రీ పరీక్షతో ఇది బయటపడుతుంది. మొదటి సెకనులో ఊదిన గాలి, మొత్తం ఊదిన గాలిలో 70 శాతానికి తగ్గి, పీల్చే మందు ఇచ్చాక కూడా పెరగకపోతే సీఓపీడీ. మందుతో బాగా పెరిగితే ఉబ్బసం వైపు మొగ్గు.

వర్షానికి తడిసి బూజు పట్టిన వరిగడ్డి వామి నుంచి గేదెలకు మేత లాగేవాళ్లకు మరొకటి. పొద్దున గడ్డి లాగితే, నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత జ్వరం, ఒళ్లునొప్పులు, ఆయాసం. రెండు రోజుల్లో తగ్గుతుంది, మళ్లీ వామి దగ్గరికి పోతే తిరగబెడుతుంది. బూజుకు ఊపిరితిత్తులు చూపే అలర్జీ ఇది. గడ్డి పూర్తిగా ఆరాకే వామి వేయడం, లాగేటప్పుడు ముక్కూ నోరూ గట్టిగా కట్టుకోవడం తప్ప దీనికి మంచి మందు లేదు.

ఉబ్బసం నిజంగానే ఉన్నవాళ్ల మాటకు వస్తే, మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం కోసం ప్రయాణమయ్యేవాళ్లు ఈ ప్రాంతంలోనూ ఉన్నారు. ఆ ప్రయాణం వెనక ఉన్న బాధను చిన్నచూపు చూడకూడదు. అది పనిచేస్తుందనడానికి మాత్రం శాస్త్రీయ రుజువు లేదు. పనిచేస్తుందని రుజువైన ఇన్‌హేలర్‌ను అలవాటైపోతుందనే భయంతో పక్కన పెట్టడం విచారకరం. సాల్‌బుటమాల్ మాత్రలో 2 నుంచి 4 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. ఒక్క పీల్పులో ఉండేది 100 మైక్రోగ్రాములు, అంటే ఇరవయ్యో వంతు లేదా అంతకన్నా తక్కువ. తక్కువ మందు, నేరుగా జబ్బున్న చోటికి. దానికి భయపడి మాత్రలు మింగడం, ఇంజెక్షన్లు పొడిపించుకోవడం తలకిందుల లెక్క.

ఛాతీ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ ఆలస్యానికి గంటల గడువే ఉంటుంది. రొమ్ము మధ్యన బరువు పెట్టినట్టుండడం, నడిస్తే రావడం, ఆగితే తగ్గడం, ఎడమ చేతికో దవడకో పాకడం, చెమటలు పట్టడం గుండె లక్షణాలు. మన ఇళ్లలో అప్పుడు జరిగేదేమిటి? గ్యాస్ పట్టిందంటూ సోడా తాగిస్తారు, వాము నమిలిస్తారు, పడుకోమంటారు. షుగరున్న వాళ్లలో, ఆడవాళ్లలో నొప్పే లేకుండా ఒట్టి ఆయాసంగానే గుండెపోటు రావచ్చు. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్స్ ఉన్నది ఇందుకే. ఈసీజీ తీయడానికి ఐదు నిమిషాలు చాలు.

చిన్నప్పుడు గొంతునొప్పి, తర్వాత కీళ్లవాపులు వచ్చి మాయమైన ఆడపిల్లకు, పెళ్లయి కడుపుతో ఉన్నప్పుడు ఆయాసం, దగ్గులో ఎరుపు జీర కనబడితే అది ఉబ్బసం కాకపోవచ్చు. గుండెలోని మైట్రల్ కవాటం ఇరుకై ఉండవచ్చు. ఎకో తీస్తే తెలుస్తుంది, బెలూన్‌తో వెడల్పు చేయొచ్చు. ఇక రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తం తక్కువ. మెట్లెక్కితే గుండె దడ, ఎగశ్వాస. వీళ్లకు కావలసింది ఇనుము.

ఇవన్నీ వేరు చేయడానికి పెద్ద ఆసుపత్రే కావాలని లేదు. ఎప్పుడు వస్తుంది, పగలా రాత్రా, పడుకుంటేనా నడిస్తేనా, ఏం పని చేస్తారు, ఏ పొయ్యి మీద వండారు, కాళ్లు వాస్తాయా, బరువు తగ్గారా అని పది నిమిషాలు కూర్చోబెట్టి అడిగితే సగం తేలిపోతుంది. రెండు వారాలు దాటిన దగ్గుకు గళ్ల పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితం. దానితో పాటే, ఉబ్బసం మందులకు లొంగని ప్రతి మనిషికీ ఈసినోఫిల్స్ లెక్క ఒకటి తప్పనిసరి చేయాలి. బాపట్ల, తెనాలి, రేపల్లె ఆసుపత్రుల్లో ఇప్పుడున్న యంత్రాలే ఆ లెక్క ఇస్తాయి. అడగడమే తరువాయి. అనుమానం వస్తే గుంటూరు పెద్దాసుపత్రిలో మిగతా పరీక్షలు చేయించవచ్చు.

మాత్రలు పూర్తయ్యాక కూడా పని ఉంటుంది. డీఈసీతో కుదుటపడిన వాళ్లలో కొందరికి కొంతకాలానికి జబ్బు తిరగబెడుతుంది, వాళ్లకు మరో విడత మందు కావాలి. ఏళ్ల తరబడి పేరు తెలియక, చికిత్స లేక గడిచినవాళ్లలో ఊపిరితిత్తులు గట్టిపడి, పూర్తిగా కోలుకోవడం కష్టమవుతుంది. అందువల్ల మూడు వారాల కోర్సు ముగిశాక ఒకసారి, ఆపైన ఆరు నెలలకొకసారి చొప్పున రెండేళ్ల పాటు ఈసినోఫిల్స్ లెక్క చూసుకోవడం మేలు. ఆ కాగితాలన్నీ ఒక సంచిలో జాగ్రత్తగా దాచి, వెళ్లిన ప్రతిసారీ డాక్టరు ముందు పెట్టాలి.